ఫోనులోని మాటకు సాక్షి యెవరు?

గత చాతుర్మాస్యమున ఆదివారపు పాఠమునకు వచ్చు పిల్లలను మైలాపూరు నేమినాథస్వామిని గూర్చి ఒక పుట వ్రాసి తెమ్మంటిని. గంట తిరుగక మునుపే ఒక కుఱ్ఱవాడు ఫోను చూచి వ్రాసి తెచ్చెను. "మామయ్యా, మూడు చోట్ల చూశాను, మూడూ ఒకటే చెబుతున్నాయి" అని ధీమాగా పలికెను.

ఆ మూడును నేనును చదివితిని. మూడింటను నేమినాథుడు 23వ తీర్థంకరుడనియే యున్నది! 22వ వారని మన యిండ్లలో ఎవరికి తెలియదు? ఒకే తప్పు మూడు చోట్ల పడినదనగా, ఒకరు వ్రాసినదానిని తక్కిన యిద్దరు ఎత్తి వ్రాసికొనిరన్న మాట. ఒక్క బిల్లును మూడు చిట్టాలలో ఎక్కించినచో మూడు అమ్మకములగునా అంటిని. వర్తకుల బిడ్డ గనుక వెంటనే గ్రహించెను.

పిమ్మట అందరమును కూర్చుండి ఆ పుటలోని మాటలను వేరుచేసితిమి. ఇచ్చట నేమినాథాలయ ముండెననుటకు ఆధారములు కలవు. గుణవీర పండితుడు తన తమిళ వ్యాకరణమునకు ఈ స్వామి పేరుననే 'నేమినాథము' అని పేరిడెను. శాంథోములో దొరకిన శాసనపు తునుకలో నేమినాథస్వామి పేరున్నది. ఈ యూరివాడే యైన మయిలై శీని వేంకటస్వామి 1954లో వెలువరించిన 'సమణముం తమిళుం' అను గ్రంథమున ఈ సంగతులు కలవు. ఇక సముద్రము పొంగునను భయముచే విగ్రహమును మేల్ చిత్తామూరునకు తరలించిరనుట పెద్దల నుండి వినుచు వచ్చిన కథ. దానిని కథ యనియే వ్రాయవలెను. తరలించిన సంవత్సరమును గూడ వ్రాసి, అది యెక్కడిదో చెప్పని పుటను పిల్లలే ప్రక్కకు నెట్టిరి.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో 10 మంది చరిత్రకారులను, వార్తల నిజానిజములు తేల్చు 10 మందిని, 25 మంది విద్యార్థులను ఇట్లే పరీక్షించిరి. చరిత్రకారులలోను పలువురు పుట యొక్క సొగసునకు లోబడిరట. నిజము తేల్చువారు మాత్రము ఆ పుటలో నిలువక, దానిని నడుపువారిని గూర్చి ఇతరు లేమనుచున్నారో ముందు విచారించిరి. కొత్త బేరగాడు వచ్చిన మనము బజారులో వాకబు చేయమా?

సొగసును గూర్చి మనవారు ఏనాడో చెప్పిరి. సమంతభద్రాచార్యులు 'ఆప్తమీమాంస'లో బాహ్యవైభవమును లెక్కింపక, మాట యుక్తికి నిలుచునా లేదా యని చూచియే ఆప్తుని నిర్ణయించిరి. జినేశ్వరునికే పరీక్ష పెట్టిన మతము మనది, ఫోనుకు మినహాయింపేల? అనేకాంతము ప్రకారము అన్నియు నిజమే గదా యని ఒక పెద్దమనిషి నవ్వెను. 23వ వారనుట ఏ నయమున నిజమగునో ఆయనయే చెప్పవలెను.

పిల్లల ననుట సులువు. మన జాతీయగీతమే ప్రపంచమున ఉత్తమమైనదని యునెస్కో ప్రకటించినదన్న వాట్సాప్ కబురును సంతోషము పట్టలేక బంధువులందరికి పంపినవాడను నేను! అది కల్లయని నా కుమార్తె చూపెను. మనకు గొప్ప తెచ్చు మాటయైనచో తూచకయే కొందుము.

మరుసటి ఆదివారము ఆ కుఱ్ఱవాడు తెచ్చినది సగము పుటయే. మేల్ చిత్తామూరు మఠమును కన్నులార చూడవలెనని పట్టుబట్టుచున్నాడు. దీపావళి లెక్కలు తెమలిన పిమ్మట తీసికొనిపోవుదును.