కడియం దాకా

కోడలు పిల్లా,

నీ స్క్రిప్టు ఏకబిగిన చదివేశాను. ముందు నాలుగు మంచిమాటలు చెప్పి ఆ తర్వాత వాత పెట్టడం నాకు చేతకాదని నీకు తెలుసు. కాబట్టి వాతే ముందు: ఆఖరి సీను మొత్తం తీసెయ్.

ఇద్దరు అక్కచెల్లెళ్లు హైదరాబాదులో కారెక్కి, 400 కిలోమీటర్లకి పైగా వెళ్లి, కడియం నర్సరీలో ఉన్న తల్లి ముందు నిలబడతారు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంటుంది. “మమ్మల్నెందుకు వదిలేశావు?” అంటుంది పెద్దది. ఇక తల్లి మొదలుపెడుతుంది. మొగుడి తాగుడు, అత్తగారి ఆరళ్లు, ఆ రాత్రి బస్టాండు, కొంగున ముడేసుకున్న చిల్లర. చివరికి ముగ్గురూ కావలించుకుని ఏడుస్తారు. రాయడం బాగానే రాశావు, ఆ బస్టాండు ముక్క దగ్గర నాకూ గొంతు పట్టేసింది. కానీ గొంతు పట్టేసినంత మాత్రాన సీను నిలబడదు. ఎడిటింగ్ రూముల్లో బతుకంతా గడిపినవాణ్ణి, అలాంటివి చాలానే కోసి పారేశాను. ఆవిడ కూతుళ్లతో మాట్లాడుతున్నట్టు లేదు, హాల్లో కూర్చున్నవాళ్లకి సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టుంది. ఎక్కడ జనం ఆవిణ్ణి చెడ్డదనుకుంటారోనని నీ భయం.

ఆ భయం వదిలెయ్. ఆవిడ అక్కడ ఇరవై ఏళ్లుగా బతుకుతోంది, వీళ్ల కారు కోసం అరుగెక్కి కూర్చోలేదు. నర్సరీ అని రాసి, ఒక్క మొక్కనైనా ఆవిడ చేత ముట్టించలేదేమే? ఇలా అనుకో: బెంగుళూరుకో పూణేకో పోవాల్సిన లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. మట్టి కవర్లలో గులాబీ అంట్లు వరస పేర్చి ఉన్నాయి. లెక్క ఇంకా తేలలేదు, డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు, కూలీలకి డబ్బులివ్వాలి. సరిగ్గా అప్పుడు కారు ఆగుతుంది. ఆవిడ గుర్తుపడుతుంది. “కాసేపు కూచోండమ్మా, లోడు పంపించి వస్తాను” అంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత తల్లి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదైతే పెద్దదానికి ఎక్కడ కాలుతుందో ఆలోచించు. చిన్నది మాత్రం చున్నీ నడుముకి చుట్టుకుని పోయి కవర్లు అందిస్తుంది. ఎవరూ ఏడవక్కర్లేదు.

కొరేయెడా తీసిన ‘అవర్ లిటిల్ సిస్టర్’ చూశానన్నావు. మళ్లీ చూడు, ఈసారి తల్లి వచ్చిన దగ్గర్నుంచి చూడు. 2015లో కాన్స్ పోటీకి వెళ్లిన సినిమా, అకిమి యోషిదా బొమ్మల కథ దానికి ఆధారం. కామకురాలో పాత ఇంట్లో ముగ్గురక్కచెల్లెళ్లు. తండ్రి వేరే ఆవిడతో వెళ్లిపోతే, తల్లి కూడా పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి తన దారి చూసుకుంది. పెద్దది సాచి, నర్సు, చెల్లెళ్లకి తల్లయింది. తండ్రి చనిపోయాడని కబురొస్తే రైలెక్కి యమగాతా వెళ్లి, అక్కడ సవతి చెల్లెలు సుజూని చూసి, మాతో వచ్చి ఉండమంటారు. కథంతా ఈ పిల్ల చుట్టూనే తిరుగుతున్నట్టుంటుంది. అమ్మమ్మ తద్దినానికి తల్లి ఊడిపడేసరికి మూలుగుతున్న పుండేదో అప్పుడు తెలుస్తుంది.

వచ్చీ రాగానే ఇల్లు అమ్మేద్దామంటుంది ఆవిడ. సాచి మండిపడుతుంది, ఏనాడన్నా ఈ తోట సంగతి పట్టించుకున్నావా అంటుంది. పెద్దావిడ ఒకామె మధ్యలో పడి ఇద్దర్నీ కసురుతుంది. అంతే, గొడవ అక్కడితో ఆగిపోతుంది. మర్నాడు తల్లి మళ్లీ వస్తుంది, పిల్లలకి తెచ్చిన వస్తువులు ఇవ్వడానికి. తన మొగుణ్ణి తీసుకుపోయిన ఆడదాని కూతురు సుజూకి కూడా ఒకటి తెచ్చింది! ఆ తర్వాత తల్లీకూతుళ్లు వానలో అమ్మమ్మ సమాధి దగ్గరికి వెళతారు. తిరిగి వస్తూ పెరట్లోని ప్లమ్ చెట్టు ప్రస్తావన వస్తుంది. సాచి ఇంటికి పరుగెత్తి, అమ్మమ్మ ఊరబెట్టిన ప్లమ్ వైనులో మిగిలింది సీసాలో పోసి తెచ్చి తల్లి చేతిలో పెడుతుంది. క్షమించాననదు, క్షమించమని ఆవిడా అడగదు. సీసా చేతులు మారింది, చాలు.

ఇంకోటి గమనించావా? తల్లి సాచికి నేర్పిన వంట ఒకే ఒక్కటి, చేపలూ రొయ్యలూ వేసిన కూర. ఎక్కువసేపు ఉడికించక్కర్లేదు కాబట్టి అది నేర్పిందట, ఆవిడకి వంటంటే బద్ధకం. అసలు తల్లంటే పడని పిల్ల అదే కూర వండుతుంది. నీ పెద్దదానికి అలాంటిదొకటి ఇవ్వు. చీర మడత పెట్టే తీరో, గిన్నె తోమాక బోర్లించే తీరో. కడియంలో తల్లి అదే పని చేస్తుంటే చిన్నది చూసి ఊరుకోవాలి. వెస్ ఆండర్సన్ ‘ది డార్జిలింగ్ లిమిటెడ్’లోనూ ఇదే కిటుకు, అక్కడ అన్నదమ్ములు. పెద్దవాడు సినిమా పొడుగునా తమ్ముళ్లకేం కావాలో తనే ఆర్డరిస్తుంటాడు. హిమాలయాల్లో సన్యాసినిగా ఉన్న తల్లి దగ్గరికి చేరాక, ఆవిడ మర్నాటి టిఫిన్లు అచ్చం అలాగే పురమాయిస్తుంది. తెల్లారేసరికి టిఫిన్లున్నాయి, ఆవిడ లేదు. అది నాకు నచ్చలేదు, మరీ తెలివిగా జారుకున్నట్టుంది. కానీ ఆ ఆర్డరిచ్చే అలవాటు మాత్రం బంగారం.

చిన్నదాని సంగతి. తల్లి వెళ్లినప్పుడు దానికి మూడేళ్లు, పెద్దదానికి పదకొండు. అంటే చిన్నదానికి తల్లి గురించి తెలిసిందల్లా అక్క చెప్పిందే. నువ్వేమో దారిపొడుగునా ఇద్దరి చేతా ఒకే కోపం మాట్లాడించావు. చిన్నదానికి కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది? దానికున్నది ఆరా. తల్లి పొడుగా పొట్టా, పాటలు పాడేదా అని అడుగుతుంది. పెద్దది జవాబివ్వదు, లేదా ఒక్కోసారి ఒక్కోలా చెబుతుంది. కొరేయెడా సినిమాలో మూడోది చికా చూడు, తండ్రి ముఖం కూడా సరిగ్గా గుర్తులేని పిల్ల. ఆయనకి చేపల వేట ఇష్టమని నిన్నగాక మొన్న వచ్చిన సుజూ నోటి నుంచి దానికి తెలుస్తుంది. తనకీ అదే సరదా.

కారు సీన్లలో వీళ్ల ముఖాలు మాటిమాటికీ ఎదురెదురు పెట్టకు. రోడ్డు మీద చూపు పెట్టి మాట్లాడేవాళ్లు ఇంట్లో అనలేని మాట అంటారు, కారు కథకి బలమే అది. కియరోస్తామీ 2002లో తీసిన ‘టెన్’ తెప్పించుకో. డాష్‌బోర్డు మీద రెండు చిన్న డిజిటల్ కెమెరాలు, పది సంభాషణలు. మొదటిది దాదాపు పావుగంట, విడాకులు తీసుకున్న తల్లి మీద కొడుకు విరుచుకుపడుతుంటాడు. అంతసేపూ పిల్లాడే కనిపిస్తాడు, తల్లి గొంతు మాత్రం వినిపిస్తుంది. నటించిన ఇద్దరూ నిజంగానే తల్లీబిడ్డలు. నీ బడ్జెట్టుకి అదే దారి. డ్రోను షాట్లన్నీ కొట్టెయ్, ఆ డబ్బుతో సౌండుకి మంచి మనిషిని పెట్టుకో. డైలాగు రికార్డు చేసేటప్పుడు ఏసీ కట్టెయ్యాలి, కాబట్టి మే నెలలో మాత్రం షూటింగ్ పెట్టకు.

రూటు తప్పు రాశావు. తణుకు మీదుగా కడియం వెళ్లేవాళ్లకి రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెన తగలదే! సిద్ధాంతం దగ్గర వసిష్ఠ, రావులపాలెం దాటాక గౌతమి, ఈ రెండే. పోస్టరు కోసం ఆ పాత వంతెన పెట్టావు, మా గోదారివాళ్లు హాల్లోనే నవ్వుతారు. అయినా రెండు వంతెనలుండటం నీకే లాభం. వసిష్ఠ మీద చిన్నది రూపాయి బిళ్ల వేస్తానంటే పెద్దది స్పీడు తగ్గించదు. మధ్యలో రావులపాలెంలో అరటిగెలల బండ్ల వెనక ఇరుక్కుంటారు, అక్కడ దెబ్బలాడుకోనీ. గౌతమి మీద పెద్దదే తగ్గిస్తుంది, కానీ చిన్నది ఇప్పుడు అడగదు.

నిర్మాత ఇంటర్వెల్‌కి ఫ్లాష్‌బ్యాక్ అడుగుతాడు, పడుచు తల్లి మీద పాట కూడా అడుగుతాడు. ససేమిరా అను. తల్లి పడుచుదనం తెర మీద కనిపించిందంటే చిన్నదానికి తెలియనిదంతా జనానికి తెలిసిపోతుంది, ఇక దాని పక్కన కూర్చుని ప్రయాణం చేసేవాడెవడు? ఇంటర్వెల్ రావులపాలెం దగ్గర పడితే సరిపోతుంది.

మీ అమ్మ ఫోన్ చేసింది. వదిలేసి వెళ్లిన తల్లి కథ ఎందుకు రాస్తోందిరా అన్నయ్యా, నేనేం తక్కువ చేశానని ఒకటే హైరానా. నాకంటే ముందు దానికి నువ్వే ఫోన్ చేసి మాట్లాడు.

ఆ తర్వాత నర్సరీలుండే కడియపులంక వెళ్లి రెండు మూడు రోజులుండు. అంటు ఎలా కడతారో, లోడు ఎవరు లెక్కపెడతారో, డ్రైవరుతో బేరం ఎవరు ఆడతారో చూడు. ఆడవాళ్లతో మాట్లాడు, కెమెరా తియ్యకు. అప్పుడు ఆఖరి సీను మళ్లీ రాసి ప్రింటు తీసి పంపు. ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కాదు.

మీ మావయ్య