ఇండోనేషియాలో విదేశీ విద్యార్థులు

గుణదలలో గది తీసుకుని గ్రూప్స్‌కు చదివేవాళ్లకు విదేశీ చదువంటే అమెరికా, ఆస్ట్రేలియాలే గుర్తొస్తాయి. ప్రశ్న తూర్పు దిక్కు నుంచీ రావచ్చు. ఇండోనేషియా ప్రభుత్వ ఉపకార వేతనం ‘దర్మసిస్వ’ 1974లో ఆసియాన్ దేశాలకే మొదలై, 1976 నుంచి ఇతర దేశాలకూ విస్తరించింది. భాష, కళలు నేర్పుతారు, డిగ్రీ రాదు.

అసలు సరుకు చరిత్రలో ఉంది. చైనా యాత్రికుడు ఇత్సింగ్ 671లో నలందకు వస్తూ సుమత్రాలోని శ్రీవిజయలో ఆగి సంస్కృత వ్యాకరణం నేర్చాడు. 11వ శతాబ్దంలో అతీశ దీపంకరుడు సువర్ణద్వీపంలో (సుమత్రా) ధర్మకీర్తి శిష్యుడయ్యాడు. (ఈయన తర్కశాస్త్రం రాసిన ధర్మకీర్తి కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే.) అటునుంచీ వచ్చారు: శ్రీవిజయ రాజు బాలపుత్రదేవుడు నలందలో కట్టించిన విహారానికి పాల రాజు దేవపాలుడు ఐదు గ్రామాలిచ్చాడు. కృష్ణా తీరం వాటాగా, సులవేసిలో దొరికిన కంచు బుద్ధుడిది అమరావతి శైలి అని పలువురు పండితుల మాట.