అవ్వ పద్దు

కర్నూలు జిల్లాలో ఒక పల్లె. అక్కడ ఒక అవ్వ. ఆమె ఒక్కతే ఉంటుంది. నెల మొదట్లో పింఛను అందుతుంది. అయినా చివరి వారం గంజే గతి. అంగడిలో అప్పు మిగిలేది.

"ఉన్నది ఒక్క కడుపు. ఇంత డబ్బు ఎటు పోతోంది?" అని అవ్వకు దిగులు.

అవ్వ రాత్రి బడికి వెళ్లింది. అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. ఒక నోటుపుస్తకం కొన్నది. ఏది తెచ్చినా అందులో రాసింది.

నెలాఖరున అంగడాయన తన చిట్టా తీశాడు. అవ్వ తన పుస్తకం తీసింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివింది.

"నాయనా, కందిపప్పు నేను ఒక్కసారే తెచ్చినాను. నువ్వు రెండుసార్లు రాసినావు."

అంగడాయన చూశాడు. "నిజమే అవ్వా, పొరపాటు" అని ఒకటి కొట్టేశాడు.

ఆ రాత్రి అవ్వ వచ్చే నెలకు లెక్క వేసింది.

రోజుకు బియ్యం పావు కిలో. 30 రోజులకు ఏడున్నర కిలోలు.
రేషను కార్డు మీద మనిషికి 5 కిలోలు. 2023 జనవరి నుంచి అవి ఉచితం.
కొనవలసిన బియ్యం రెండున్నర కిలోలు.
రోజుకు పప్పు 50 గ్రాములు. నెలకు కిలోన్నర.

పింఛను అందగానే ముందు పాత అప్పు కట్టింది. తర్వాత బియ్యం, పప్పు, నూనె, చింతపండు తెచ్చుకుంది. కూరగాయల డబ్బును నాలుగు పొట్లాలు కట్టింది. వారానికి ఒక పొట్లమే విప్పింది.

చివరి వారం వచ్చింది. డబ్బాలో బియ్యం ఉంది. నాలుగో పొట్లం ఉంది. అవ్వ పొయ్యి వెలిగించి పప్పుచారు కాచింది.

మీరూ రాయండి:
రోజుకు మీకు ఎంత బియ్యం కావాలి? నెలకు ఎంత? రేషనులో ఎంత వస్తుంది? ఎంత కొనాలి?