పండ్ల చక్రములు: పందెపు కారు, బాట కారు, మన ట్రాక్టరు

ట్రాక్టరు కొనఁబోవు సభ్యులు అమ్మకందారుఁ డిచ్చు కాగితములలో స్లైడింగ్ మెష్, కాన్‌స్టెంట్ మెష్, సింక్రోమెష్ అను మాటలు చూచి వాని యర్థమేమని మమ్ము నడుగుచున్నారు. కార్లనుబట్టి చెప్పినచో నిది సులభముగా బోధపడును.

చెఱకు గానుగ రోళ్ల తలలపై నుండు ఇనుప చక్రములను చూడుఁడు. వాని పండ్లు ఇరుసుకు సమాంతరముగా, నిలువుగా నుండును. ఒక పన్ను తన పొడవంతయు నొక్కసారిగా రెండవ పంటిపై పడును. మెల్లగా తిరుగు గానుగలో నిది టకటక మను చప్పుడే. నిమిషమునకు వేలకొలఁది చుట్లు తిరుగు కారులో పెద్ద కూఁత యగును. అందుచే బాటపై నడచు కార్లలో పండ్లను వాలుగా కోయుదురు. వాలుపన్ను ఒక కొసనుండి రెండవ కొసకు క్రమముగా తాఁకును. అది విడువకమునుపే మఱియొకటి యందుకొనును. ఐతే వాలుపండ్లు చక్రమును ప్రక్కకు త్రోయును. ఆ త్రోపు నాఁపుటకు గట్టి బేరింగులు, దిట్టమైన పెట్టె కావలెను; రాపిడిలో కొంత బలమును పోవును. ఎదురెదురు వాలులను జతచేసి త్రోపును రద్దుచేయు చక్రములును కలవు. సిట్రోయెన్ కార్ల ముఖమున నుండు గుర్తు వానినుండి వచ్చినదే.

పందెపు కారువానికి చప్పుడు లెక్కలేదు. తేలికదనము, బలము వృథాపోకుండుట వానికి ముఖ్యము; కాబట్టి నిలువుపండ్లే వాడును. నిలువుపండ్లే గట్టివని కొందఱందురు గాని మేము దాని నొప్పము. సమానమైన కొలతలు గల చక్రములలో, భారమును హెచ్చు పండ్లు పంచుకొనుటచే, వాలుపండ్లే సాధారణముగా నెక్కువ మోయును. అనేకములైన కార్లు వెనుకకు నడచునపుడు మాత్రమే కూయుటకు కారణము, ఆ గేరొక్కటి నిలువుపండ్లది యగుటయే.

పండ్ల రూపమొకటి, గేరు పట్టించు విధము మఱొకటి. కాన్‌స్టెంట్ మెష్‌లో చక్రము లెప్పుడును కలిసియే యుండును; వానిని ఇరుసుకు బిగించు భాగము మాత్రము జరుగును. పందెపు బండిలో నా భాగమునకు కొద్దిపాటి పెద్ద కొమ్ములుండి క్షణములో పట్టుకొనును. బాట కారులో బిగియుటకు ముందు గరాటువంటి కట్టు రాచుకొని రెంటి వేగమును సమము చేయును. ఇదియే సింక్రోమెష్, అమెరికాలోని క్యాడిలాక్ కార్లలో 1928లో వచ్చినది.

స్లైడింగ్ మెష్‌లో చక్రమే జరిగి వేఱొక చక్రపు పండ్లలో దూరవలెను. తిరుగుచుండఁగా బలవంతముగా త్రోసినచో పండ్ల కొసలు చిట్లి, ఆ యినుప రజను చమురులో కలిసి బేరింగులను తినివేయును. బండి నాఁపి, క్లచ్చు పూర్తిగా త్రొక్కి గేరు మార్చవలెను. ఒకే గేరుతో పూఁటంతయు దున్నువానికి నిది లోపము కాదు. చెఱకు ట్రాలీని బాటపై లాగువానికి మాత్రము దారిపొడవునను గేరు మార్పులే. అట్టివాఁడు సింక్రోమెష్‌కై హెచ్చు ధర యిచ్చినను తగును. పలువురు నడుపు సంఘపు ట్రాక్టరు విషయమునను మా యభిప్రాయ మిదియే.

గేరుపెట్టె చమురు మార్చునపుడు పాత చమురును వెడల్పు పళ్లెములోనికి వదలి చూడుఁడు. బూడిదవంటి సన్నని పొడి సామాన్యము. గోటికొనయంత యినుప ముక్క కనఁబడినచో దుక్కి నాఁపియైనను పెట్టె విప్పించుఁడు.