యంత్రహృదయం

సారథికి పగ్గాలు పట్టడం ఒక్కటే తెలిస్తే చాలదు. గుర్రాల స్వభావం కూడా తెలియాలి. భారతంలోని నలుడు అశ్వహృదయం ఎరిగినవాడు కనుకనే ఋతుపర్ణుని రథాన్ని ఒక్క రోజులో విదర్భకు చేర్చగలిగాడు. అదేవిధంగా రైలు నడిపేవారు యంత్రహృదయాన్ని గ్రహించాలి. అందుకు తోడ్పడే సాధనం సిమ్యులేటర్. ఇది రైలును, దారిని, డ్రైవరు గదిని కంప్యూటర్ తెరపై కల్పించి చూపుతుంది. 2001లో వెలువడిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్‌లో అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన మరయస్ కనుమ మార్గం ఉంది. ఆ దారిలో గూడ్సు బండ్లను లాగే డాష్-9 డీజిల్ ఇంజనును గమనిస్తే ఈ విద్యలోని మర్మం బోధపడుతుంది.

ఈ ఇంజనులో డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా తిప్పదు. అది విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తుతో ఆరు మోటార్లు చక్రాలను తిప్పుతాయి. గదిలోని రివర్సర్ అనే పిడి బండి ముందుకు పోవాలో, వెనక్కు పోవాలో నిర్ణయిస్తుంది. థ్రాటిల్ వేగశక్తిని ఎనిమిది మెట్లుగా పెంచుతుంది. ఈ మెట్లను నాచ్‌లు అంటారు. తొందరపడి ఒక్కసారిగా పై మెట్టుకు పోతే చక్రాలు జారుతాయి. పెట్టెలను కలిపే కొక్కేలు తెగే ప్రమాదం కూడా ఉంది.

బండిని కదిలించడం కంటే ఆపడం కష్టం. ఇంజనుకు మాత్రమే పనిచేసే బ్రేకు ఒకటి, బండి మొత్తానికి పనిచేసే బ్రేకు మరొకటి ఉంటాయి. రెండవది గాలితో నడుస్తుంది. బండి పొడవునా సాగే గొట్టంలో గాలి ఒత్తిడి నిండుగా ఉన్నంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి. ఒత్తిడి తగ్గగానే ప్రతి పెట్టె కింద ఉన్న తొట్టిలోని గాలి బ్రేకులను బిగిస్తుంది. గొట్టం తెగినా బండి తనంతట తానే ఆగడానికి కారణమిదే. కొత్తవారికి ఇది వింతగా తోస్తుంది.

అయితే ఒకసారి వాడిన గాలి తిరిగి నిండడానికి వ్యవధి కావాలి. మరయస్ కనుమకు పడమటి వైపున ప్రతి 100 అడుగులకు దాదాపు 1.8 అడుగుల చొప్పున దారి దిగుతుంది. అక్కడ మాటిమాటికి బ్రేకు వేసి వదిలితే తొట్లు ఖాళీ అవుతాయి. అప్పుడు పిడి చేతిలోనే ఉంటుంది గాని బండి వశం తప్పుతుంది. అందువల్ల నేర్పరి వాలు మొదలుకాక ముందే వేగం తగ్గిస్తాడు. మోటార్లనే విద్యుదుత్పాదకాలుగా మార్చి వేగాన్ని అదుపుచేసే డైనమిక్ బ్రేకును ప్రధానంగా ఆశ్రయిస్తాడు. గాలిని పొదుపుగా వాడతాడు.

తెరమీద బండి పట్టాలు తప్పితే ఆటను మళ్లీ మొదలుపెట్టవచ్చు. నిజమైన పట్టాల మీద ఆ అవకాశం లేదు. అక్కడ పోయేవి ప్రాణాలు. తప్పు చేసి నేర్చుకోవడానికి తగిన చోటు సిమ్యులేటరే. వేగం ఎవరైనా పెంచగలరు. ఎప్పుడు తగ్గించాలో ముందుగా ఎరిగినవాడే సారథి.

ప్రశ్నలు

1. గాలి బ్రేకు పనిచేసే తీరును వివరించండి.
2. వాలు దారిలో గాలిని పొదుపుగా ఎందుకు వాడాలి?
3. పాఠానికి 'యంత్రహృదయం' అనే పేరు ఎంతవరకు తగినదో చర్చించండి.