పట్టివేసిన బ్రేకు: దోషమును కనుగొను పద్ధతి

సంతకు పోవుటకు, ఎరువుల బస్తాలు చేరవేయుటకు పాత జీపును వాడుకొను రైతులు మన పల్లెలలోను, మన్యప్రాంతములలోను ఇప్పటికిని ఉన్నారు. ఈ బండ్లు గట్టివి. కాని వాని బ్రేకుల వయస్సు కూడ బండి వయస్సే. బండి లాగుట లేదని, డీజిలు ఎక్కువ త్రాగుచున్నదని ఇంజను విప్పించువారు ముందుగా ఒక సంగతి చూచుకొనవలెను. పెడలు మీదనుండి కాలు తీసిన తరువాత కూడ బ్రేకు చక్రమును వదలక పట్టియుంచుచున్నదేమో!

దీనిని ఉపేక్షించరాదు. పట్టివేసిన బ్రేకు ఒరిపిడికి డ్రమ్ము కాగిపోవును. ఆ వేడికి చక్రము దగ్గరనున్న బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుట్టును. ఆయిలును ఎంత నొక్కినను అణగదు, ఆవిరి అణగిపోవును. అప్పుడు పెడలు అడుగుకు తగులును గాని బండి ఆగదు. ఉదయము వదలని బ్రేకే సాయంత్రము మారేడుమిల్లి ఘాటు దిగునప్పుడు పట్టని బ్రేకు కాగలదు.

బ్రేకు పట్టుట, వదలుట

పెడలు త్రొక్కినప్పుడు మాస్టరు సిలిండరులోని పిస్టను ఆయిలును గొట్టములలోనికి నెట్టును. ఆ ఒత్తిడికి చక్రములోని చిన్న సిలిండరు బ్రేకు షూలను డ్రమ్ముకు అదుమును. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనుకకు లాగును. ఆయిలు మాస్టరు సిలిండరులోని ఒక సన్నని రంధ్రముద్వారా తిరిగి తొట్టెలో చేరును. బ్రేకు వదలలేదనగా ఈ ఆయిలు వెనుకకు వచ్చు దారి ఎచ్చటనో మూసుకొని యుండవలెను. లేదా చక్రములోని భాగములు బిగిసి యుండవలెను. ఈ రెండింటిలో ఏదియో తేల్చుటయే మన పని.

ముందు జాగ్రత్తలు

బండిని సమతలముపై నిలిపి, లేపని చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలెను. జాకీ నొక్కదానినే నమ్మి బండి క్రిందికి పోరాదు. గట్టి దిమ్మెలు కూడ ఉంచవలెను. కాగిన డ్రమ్ముపై నీళ్లు పోసినచో అది పగులవచ్చును. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము గనుక నోటితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను.

మొదటి పరీక్ష: ఏ చక్రము?

కొంతదూరము నడిపి, బ్రేకు త్రొక్కకుండ బండిని దానంతట అదే ఆగనీయవలెను. ప్రతి డ్రమ్ము దగ్గర, తగులకుండ, చేయి ఉంచి చూడుడు. నాలుగును వేడిగా నున్నచో దోషము పెడలు దగ్గరనో మాస్టరు సిలిండరులోనో ఉండును. ఒక్కటియే వేడెక్కినచో ఆ చక్రములోనో దాని రబ్బరు గొట్టములోనో ఉండును. వెనుక రెండును వేడెక్కినచో, ఆ రెంటికి ఆయిలు తెచ్చు ఒకే రబ్బరు గొట్టమును శంకింపవలెను.

రెండవ పరీక్ష: పెడలు ఆట

పెడలును చేతితో మెల్లగా నొక్కవలెను. బరువు తెలియకముందు సుమారు అర అంగుళము ఊరక కదలవలెను. సరియైన కొలత బండి పుస్తకములో చూచుకొనుడు. ఈ ఆట లేనిచో పిస్టను పూర్తిగా వెనుకకు రాక, దాని రబ్బరు కప్పు ఆ సన్నని రంధ్రమును మూసివేయును. వేడికి ఆయిలు వ్యాకోచించును. పోవుటకు దారి లేక షూలను ఇంకను బిగించును. బిగిసినకొలది వేడి, వేడెక్కినకొలది బిగువు. చల్లారగానే వదలిపోవును గనుక మెకానికు వచ్చునప్పటికి దోషము కనబడదు. పెడలు కడ్డీ పొడవును సరిచేసినంతనే ఈ దోషము పోవచ్చును.

మూడవ పరీక్ష: నిపుల్ వదలుట

ఇది బ్రేకు పట్టియున్నప్పుడే చేయవలెను. డ్రమ్ము చల్లారనిచ్చి, పెడలు త్రొక్కి వదలి, చక్రము బిగిసియున్నదని త్రిప్పి చూచుకొనుడు. ఆ చక్రపు నిపుల్‌కు సన్నని గొట్టము తొడిగి, రెండవ కొనను సీసాలో ఉంచి, నిపుల్‌ను పావు చుట్టు వదలవలెను.

ఆయిలు చిమ్మి చక్రము వదలినచో ఒత్తిడి లోపల చిక్కుకొన్నదని అర్థము. ఆయిలు చిమ్మక చక్రము ఇంకను బిగిసియున్నచో డ్రమ్ము విప్పవలెను. తుప్పుపట్టిన సిలిండరు, తెగిన స్ప్రింగు, అతిగా బిగించిన షూ, వీనిలో ఏదో ఒకటి కనబడును.

నాలుగవ పరీక్ష: మాస్టరా, గొట్టమా?

ఒత్తిడి చిక్కుకొన్నదని తేలినచో నిపుల్ బిగించి, మరల త్రొక్కి చక్రమును బిగియనిండు. ఈమారు మాస్టరు సిలిండరునుండి బయలుదేరు గొట్టపు నట్టును వదలుడు. చక్రము వదలినచో దోషము మాస్టరు సిలిండరులోనో పెడలులోనో ఉన్నది. వదలనిచో మధ్యదారిలోని రబ్బరు గొట్టము లోపల వాచి మూసుకొన్నదని తలంపవచ్చును. అది పైకి చక్కగానే కనబడును. కాలి బలముతో ఆయిలును పోనిచ్చును. స్ప్రింగు బలమునకు తిరిగి రానీయదు. దానిని మార్చవలసినదే.

ఆయిలు విషయములో హెచ్చరిక

తొట్టెలో ఇంజను ఆయిలుగాని కిరోసిను గాని పోసినచో రబ్బరు భాగములన్నియు ఉబ్బును. అనుమానమున్నచో కొన్ని చుక్కలు గాజు గ్లాసులోని నీటిలో వేసి కలుపుడు. డాట్ 3, డాట్ 4 రకముల బ్రేకు ఆయిలు నీటిలో కలిసిపోవును. ఇంజను ఆయిలు పైకి తేలును. తేలినచో గొట్టములను శుభ్రపరచి, రబ్బరు భాగములన్నిటిని మార్చవలెను.

దారిలో బ్రేకు పట్టినప్పుడు నిపుల్ వదలి, ఆయిలు కార్చి, ప్రయాణము సాగించు అలవాటు ప్రమాదకరము. ఆ ఉపాయము దోషమును కనుగొనుటకే గాని బండి నడుపుటకు గాదు. నట్టుగాని గొట్టముగాని విప్పిన తరువాత క్రొత్త ఆయిలు పోసి, గాలి పూర్తిగా తీసి, ఖాళీ బండిని మైదానములో మెల్లగా నడిపి చూచిన పిమ్మటనే బరువు ఎక్కించవలెను. బస్తాలు ఒక సంత తప్పినను మరుసటి సంతకు పోవును. బండిలోని మనుష్యులు క్షేమముగా ఇల్లు చేరుట ముఖ్యము.