ఎత్తుకునే తీరు, తినిపించే తీరు

అమ్మడూ,

సెరిబ్రల్ పాల్సీ పిల్లల దగ్గర ఫిజియోథెరపీ నేర్చుకుంటున్నానని రాశావు. ఏ కండరానికి ఏ వ్యాయామమో మీ మేడమ్ చెబుతారు. అదే ఇబ్బంది ఉన్న మీ అన్నయ్యను పెంచినదాన్ని గనక నేను చెప్పేది వేరే. ఒక్కో బిడ్డ మీ దగ్గర ఉండేది ముప్పావుగంట. మిగతా పొద్దంతా ఇంట్లో ఎవరో ఎత్తుకుంటారు, తినిపిస్తారు, చొక్కా తొడుగుతారు. మీరు చేసిన చికిత్స నిలిచేదీ, చెడేదీ అక్కడే.

కాళ్లు ఒకదాని మీదొకటి పెనవేసుకునే బిడ్డను చంకనెత్తుకోమను. మన ఆడవాళ్లకు అలవాటైన పద్ధతే. తొడలు ఎడంగా ఉంటాయి, నలుగురి మొహాలూ కనిపిస్తాయి. చొక్కా తొడిగేటప్పుడు బిగుసుకున్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర.

ఉగ్గు పెట్టే పాత పద్ధతి మాత్రం ఈ పిల్లలకు ప్రమాదం. చాచిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోస్తే, మింగడం సరిగా రాని బిడ్డకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాటిమాటికీ పొలమారడం, ఆనక న్యుమోనియా. కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టాలి. పల్చటి జావ కంటే చిక్కటిది మింగడం చాలామందికి తేలిక. ఒక్కో పూటకి గంట పట్టొచ్చు. అలాంటి తల్లికి ఇంకో పది వ్యాయామాలు కాగితం మీద రాసివ్వకు తల్లీ. స్నానంలో, బట్టలు మార్చడంలో కలిసిపోయేవి రెండు చెప్పు, చాలు.

మెదడుకి తగిలిన దెబ్బ పెరగదు. బిడ్డ పెరుగుతాడు. ఎముక పొడవైనంత వేగంగా బిగుసుకున్న కండరం సాగదు. నడవలేని పిల్లల్లో తుంటికీలు నొప్పి తెలియకుండానే జారిపోవచ్చు. ఎక్స్‌రే ఎప్పుడు తీశారో తప్పకుండా అడుగు.

మాట రానివాడికి తెలివి లేదని తేల్చేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముంబయిలో మితూ ఆలూర్ 1972లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా పెట్టింది సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కూతురు మాలినీ చిబ్‌లాంటి పిల్లల చదువు కోసమే. ఆ మాలిని ఒక్క వేలితో టైపు చేసి రాసిన ఆత్మకథ 2010లో వచ్చింది. నువ్వు బిడ్డతోనే మాట్లాడు, వాళ్లమ్మతో కాదు. అడిగాక ఆగు. జవాబు కళ్లతోనో మెడతోనో వస్తుంది, ఆలస్యంగా.

నువ్వు రాసిన ఆ పాపకు వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ ఉందా? 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు. వాళ్ల మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని వాళ్ల నాన్నకు చెప్పు. ఏమన్నాడో నాకు రాయి.

మీ పెద్దమ్మ